సోరియాసిస్‌కు హన్మకొండలో నా వైద్యం: తామర ట్యూబు నుంచి వారానికొక మాత్ర దాకా

2024 వానాకాలంలో నా రెండు మోచేతుల మీద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చలు లేచాయి. పైన తెల్లటి పొట్టు. దసరా నాటికి తల వెనుక, చెవుల పైన, నడుముకు లంగా బొందు కట్టుకునే చోట కూడా అవే కనబడ్డాయి. అది సోరియాసిస్ అనే, అంటని చర్మ జబ్బని తర్వాత తేలింది గాని, అప్పట్లో చూసిన ప్రతివాళ్లూ తామర అన్నారు. మెడికల్ షాపులోనూ తామర ట్యూబే చేతిలో పెట్టారు. రాసిన నాలుగో రోజుకే ఎరుపు తగ్గింది, మానేసిన వారానికి ముందుకన్నా పెద్దగా వచ్చింది. ఇట్లా ఎందుకు అవుతుందో తర్వాత చర్మ డాక్టరమ్మ చెప్పారు. అట్లాంటి ట్యూబుల్లో తామర మందుతో పాటు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. అది ఏ ఎరుపునైనా కొన్నాళ్లు అణుస్తుంది. తామరైతే లోలోపల పాకుతూ పోతుంది, సోరియాసిస్ అయితే ఆపగానే ఎగబాకుతుంది. అందుకే "రాస్తే తగ్గింది" అన్న మాటను బట్టి అది ఏ జబ్బో తేల్చలేం.

అదే సమయంలో మా అత్తమ్మ వాళ్ల ఊరి నుంచి ఇంకో సలహా వచ్చింది: "ఒక్క సూది ఏపిస్తే వారంల పోతది." ఊర్లలో ఇచ్చే ఆ సూది చాలాసార్లు స్టెరాయిడే. సోరియాసిస్ ఉన్నవాళ్లకు అది నిజంగానే వారంలో నున్నగా చేస్తుంది. ఒంట్లో దాని బలం తగ్గగానే ఒళ్లంతా ఎర్రబారి పొట్టు రాలడం, చిన్న చిన్న చీము పొక్కులు లేచి జ్వరం రావడం జరగవచ్చు. అది ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సిన స్థితి. నాకు ఎవరి మీదా కోపం లేదు, మంచి కోరే చెప్పారు. కానీ ఈ సూది సంగతి మాత్రం చదివిన ప్రతివాళ్లూ ఇంకొకరికి చెప్పాలి.

నవంబరులో హన్మకొండలోని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఫీజు 500. మోచేతులు చూపిస్తే చాలనుకుని వెళ్లేవాళ్లకు ఒక మాట: గోళ్లు, తల, బొడ్డు, పిరుదుల మధ్య చీలిక, అరికాళ్లు అన్నీ చూస్తారు. సోరియాసిస్ దాక్కునే చోట్లు అవే. గోళ్ల మీద సూదితో పొడిచినట్లు గుంటలున్నాయా, గోరు కింద నూనె మరకలాంటి పసుపు మచ్చ ఉందా అని లైటు వేసి మరీ చూస్తారు. కాబట్టి గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే ఆ పరీక్షే కుదరదు. ఆ పొద్దున ఒంటికి నూనె, క్రీము ఏదీ రాయకుండా వెళ్లాలి, పొట్టు ఉంటేనే వాళ్లకు ఆనవాలు. వాడిన ట్యూబులు ఖాళీవైనా సరే డబ్బాలతో సహా సంచిలో వేసుకుపోవాలి, పేరు గుర్తులేకపోయినా లోపలి మందు అక్కడ చదువుకుంటారు. ఏయే మందులు వాడుతున్నారో కూడా గట్టిగా అడుగుతారు. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్లు, మానసిక సమస్యకు ఇచ్చే లిథియం, మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ దీన్ని రేపగలవు. ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా అన్న ప్రశ్న నాకు విచిత్రంగా తోచింది. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరిన రెండు మూడు వారాలకు ఒంటినిండా చిన్న చినుకుల్లా సోరియాసిస్ లేచే రకం ఒకటి ఉందట.

మచ్చను స్లైడు అంచుతో మెల్లగా గీకారు. కొవ్వొత్తి మైనం గీకినట్లు తెల్లటి పొట్టు లేచి, దాని కింద సూదిమొనల్లా రక్తపు చుక్కలు కనబడ్డాయి. ఆ పొట్టునే స్లైడు మీద పెట్టి కేఓహెచ్ అనే, పొట్టును కరిగించే ద్రావణం చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. తామరకు కారణమయ్యే బూజు తీగలు లేవు. అరగంటలో తేలిపోయింది, తామర కాదు. ఇంత చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే ఆ ట్యూబుల అవసరమే ఉండేది కాదు. ఏ తామరకైనా మందు మొదలుపెట్టేముందు "పొట్టు గీకి చూస్తారా" అని అడగడంలో తప్పు లేదు.

ట్యూబుల వల్ల మచ్చల రూపం చెదిరిపోయింది కాబట్టి బయాప్సీ, అంటే చర్మం ముక్క తీసి ల్యాబులో చూడటం, కూడా చేద్దామన్నారు. దానికి ముందు రెండు వారాలు స్టెరాయిడ్ ఏదీ రాయొద్దు, రాస్తే ముక్కలో జబ్బు గుర్తులు చెరిగిపోతాయి. ఆ రెండు వారాలు నాకు కష్టంగా గడిచాయి. దురద, పక్కదుప్పటి మీద పొట్టు, బడిలో నల్ల చీర కట్టుకుంటే భుజాల మీద రాలడం. ఉత్త వాజిలిన్, కొబ్బరినూనెతో నెట్టుకొచ్చాను. బయాప్సీ అనగానే భయపడే పని లేదు. తిమ్మిరి సూది వేసేటప్పుడు ఒక్క క్షణం మంట, తర్వాత పెన్నుమూతంత గొట్టంతో 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, ఒక కుట్టు వేస్తారు. మోచేయి మీద తీస్తే వంగినప్పుడల్లా కుట్టు లాగుతుందని నడుము మచ్చ నుంచి తీశారు. పది రోజులకు కుట్టు విప్పారు. ల్యాబు ఖర్చుతో కలిపి మూడు వేల దాకా అయింది, రిపోర్టు వారం దాటాక వచ్చింది. అందులో "మన్రో మైక్రోఅబ్సెస్" అని ఉంటే ఇంటర్నెట్టులో వెతికి బెంబేలు పడకండి. లోపల చీముగడ్డ ఉందని కాదు, పైపొరలో తెల్ల రక్తకణాలు చిన్న గుంపుగా చేరాయని అర్థం. సోరియాసిస్ అనడానికి అది ఒక ఆనవాలు.

"ఇది అంటదు. మీ నుంచి ఎవరికీ రాదు. కానీ పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా, అదుపులో పెట్టుకునేది" అన్నారు డాక్టరమ్మ. మొదటి రెండు మాటలు చెవిన పడలేదు, మూడోది మాత్రం పడింది. బస్సులో ఇంటికొస్తుంటే ఏడుపు ఆగలేదు. ఇంట్లో అప్పటికే నా తువ్వాల వేరు, సబ్బు వేరు అయ్యాయి. తర్వాతిసారి మా ఆయనను, అత్తమ్మను తీసుకెళ్లి డాక్టరమ్మ నోటితోనే చెప్పించాను. అంటదన్న మాట మనం చెప్తే నమ్మరు, డాక్టరు చెప్తే నమ్ముతారు. ఆ రోజు పెట్టిన ఫీజు అన్నిటికన్నా పనికొచ్చింది.

ఇక పూత మందుల సంగతి. చీటీలో "పలుచగా, రోజుకు ఒకసారి" అని రాస్తారు. పలుచగా అంటే ఎంత? నేను అడిగితే చేతిమీద చూపించారు. చూపుడువేలి చివరి గీత నుంచి వేలి కొస దాకా ట్యూబు నుంచి ఒక వరుస పిండితే అది సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత జాగాకు అది సరిపోతుంది. మీ అరచేయి, వేళ్లతో కలిపి, మీ ఒంటి చర్మంలో సుమారు నూటికి ఒక వంతు. మచ్చలన్నీ కలిపి ఎన్ని అరచేతులో లెక్కపెట్టుకోండి. ఎనిమిది అరచేతులైతే రోజుకు నాలుగు వేలికొసలు, అంటే 2 గ్రాములు, వారానికి 14 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు వారంలో అయిపోవాలన్నమాట. నెలయినా అదే ట్యూబు నడుస్తోందంటే మందు చాలడం లేదు, అప్పుడు "ఈ మందు పనిచేయలేదు" అనే మాటకు విలువ లేదు. అట్లాగని మితిమీరకూడదు. క్లోబెటసాల్ వారానికి 50 గ్రాములు దాటకూడదు, వరుసగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి డాక్టరు చెప్పకుండా వాడకూడదు. ముఖానికి, చంకలకు, రొమ్ముల కింద, తొడల మడతలకు అసలు వద్దు. అక్కడ చర్మం పలుచన, త్వరగా చారలు పడి సన్నబడుతుంది. ఆ చోట్లకు నాకు టాక్రోలిమస్ అనే, స్టెరాయిడ్ కాని పూత మందు ఇచ్చారు. మొదటి వారం కొంచెం మంటగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఎరుపు దిగాక స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపలేదు. రోజు విడిచి రోజు, ఆ తర్వాత శని ఆదివారాలు మాత్రమే. మిగతా రోజుల్లో కాల్సిపోట్రియాల్ అనే, విటమిన్ డి రకం పూత మందు. ఈ రెండోది ఖరీదైనది, క్లోబెటసాల్ ట్యూబుకు ఎన్నో రెట్లు. దీనితో ఒక చిక్కుంది, సాలిసిలిక్ ఆసిడ్ తగిలితే ఇది చెడిపోతుంది. మందపు పొట్టు దించడానికి డాక్టరు చీటీలో సాలిసిలిక్ లేపనం కూడా రాసి ఉంటే రెండూ ఒకే పూట ఒకే చోట రాయకూడదు. నేను సాలిసిలిక్ రాత్రి, కాల్సిపోట్రియాల్ పొద్దున స్నానం చేసి తుడుచుకున్నాక రాసేదాన్ని. చీటీలో రెండు మందులూ ఉంటాయి, ఈ సంగతి మాత్రం ఉండదు.

తలకు పని ఎక్కువ. పొట్టు మందంగా ఉంటే లోషన్ దాని మీదే ఆగిపోతుంది, చర్మానికి చేరదు. ముందు రోజు రాత్రి జుట్టు పాయలు పాయలుగా తీసి, పాపిట మీద సాలిసిలిక్ కలిసిన నూనె వేళ్లతో అద్ది, పాత గుడ్డ చుట్టుకుని పడుకోవాలి. పొద్దున తారు (కోల్ టార్) షాంపూ పెట్టి వెంటనే కడగకుండా ఐదు పది నిమిషాలు ఉంచాలి. దువ్వెనతో పొట్టు లేపకూడదు, గోకిన చోట కొత్తది పుడుతుంది. ఇదొక్కటే ఈ జబ్బులో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం. చర్మం ఎక్కడ రాసుకున్నా, తెగినా, నొక్కుకుపోయినా ఒకటి రెండు వారాల్లో అక్కడ మచ్చ లేస్తుంది, దీన్ని కోబ్నర్ అంటారు. నా నడుము చుట్టూ గీత గీసినట్లు వచ్చింది లంగా బొందు నుంచే. సన్న బొందు తీసేసి రెండు వేళ్ల వెడల్పు మెత్తటి పట్టీ కుట్టించాను, చీర కట్టని రోజు వదులు నైటీ. బిగుతు గాజులు తీసేశాను. ఒళ్లు రుద్దే పీచు, రాయి మానేశాను. సిరిసిల్ల, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కలకు, ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి ఏరే వాళ్లకు అరచేతుల్లో సోరియాసిస్ వస్తే మానడం ఎంత కష్టమో క్లినిక్ బెంచీ మీద కూర్చుని విన్నాను. రాపిడి ఆగదు, పగుళ్లలో మిర్చి ఘాటు దిగుతుంది. వాళ్లకు లోపల పలుచటి నూలు చేతితొడుగు, పైన రబ్బరుది వేసుకోమని చెప్తున్నారు. కూలి పోతుందని వేసుకోరు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

డిసెంబరు, జనవరి మా వైపు గాలి చలిగా, పొడిగా ఉంటుంది. మచ్చలు ఆ నెలల్లోనే పెరిగాయి. పొగలు కక్కే నీళ్లు దురదకు హాయిగా అనిపిస్తాయి, అరగంటకు చర్మం ఇంకా బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు స్నానం, తడి పూర్తిగా ఆరకముందే వాజిలిన్. ఇంత చేసినా జనవరి చివరికి మచ్చలు పది అరచేతులు దాటాయి. ఒంట్లో అంత భాగం పట్టాక పూతతోనే లాగడం కుదరదని 2025 ఫిబ్రవరిలో లైటు ట్రీట్‌మెంటు మొదలుపెట్టారు.

దాని పేరు నారోబ్యాండ్ యూవీబీ, 311 నానోమీటర్ల చుట్టూ ఉండే కాంతి. నిలువు గదిలాంటి పెట్టె, చుట్టూ ట్యూబులు. వారానికి మూడుసార్లు, సోమ బుధ శుక్ర. వరుస రోజుల్లో చేయరు. మొదటి రోజు నిమిషం కూడా నిలబెట్టరు. అంత దూరం వచ్చింది ఇంతసేపటికేనా అనిపిస్తుంది. ప్రతిసారీ కొద్దికొద్దిగా పెంచుతారు. సిట్టింగుకు 300, నెలకు మూడున్నర వేలు దాటింది. బడి విడిచాక సాయంత్రం పోయేదాన్ని, లోపల ఉండేది నిమిషాలే అయినా వంతు కోసం గంట పట్టేది.

పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. నల్ల కళ్లద్దాలు పెట్టె తలుపు తెరిచేదాకా తీయకూడదు. ముఖం మీద మచ్చలు లేకపోతే గుడ్డ కప్పుతారు. మొదటి రోజు ఏ బట్ట ఎంత కప్పిందో ప్రతిసారీ అంతే కప్పాలి. పదో సిట్టింగులో పొట్టి లోదుస్తులు వేసుకుంటే, అప్పటిదాకా కాంతి తగలని చర్మానికి ఒక్కసారిగా పెద్ద మోతాదు పడి కాలుతుంది. లోపలికి వెళ్లేముందు వాజిలిన్, సాలిసిలిక్ మందంగా ఉంటే కాంతిని ఆపేస్తాయి. పలుచటి కొబ్బరినూనె మాత్రం పొట్టును పారదర్శకంగా చేసి మేలు చేస్తుంది. కాల్సిపోట్రియాల్ కాంతికి పాడవుతుంది, సిట్టింగు అయ్యాకే రాయాలి. డాక్సీసైక్లిన్ లాంటి మాత్ర ఎవరైనా కొత్తగా ఇస్తే ముందు అక్కడ చెప్పాలి, కాంతికి చర్మం సున్నితమవుతుంది. మర్నాటికి కొంచెం గులాబి రంగు వచ్చి పోతే మంచిదే. మంట, నొప్పి నిలిస్తే ఆ సిట్టింగు ఆపి మోతాదు తగ్గిస్తారు, దాచిపెట్టి లోపలికి వెళ్లకూడదు. ఉగాదికి ఊరెళ్లి నాగా పడితే మళ్లీ అదే మోతాదు నుంచో, తగ్గించో మొదలుపెడతారు.

నెల తిరిగాక వీపు, నడుము మెత్తబడ్డాయి. మే నాటికి చాలావరకు చదునయ్యాయి. అందరికీ కనబడింది మాత్రం నేను నల్లబడటం. "మందు పడలేదా ఏంది, గిట్ల నల్లగైనవ్" అని పెళ్లిలో అడిగినవాళ్లున్నారు. అది కాంతి వల్ల వచ్చిన రంగు, ఆపిన కొన్ని నెలలకు పోతుంది. మచ్చలున్న చోట తెల్లగా మిగిలినవి చూసి బొల్లి అనుకుని నేనే భయపడ్డాను. వేలితో తడిమి చూడమన్నారు డాక్టరమ్మ. పొట్టు లేకుండా, ఎత్తు లేకుండా పక్క చర్మంతో సమానంగా ఉంటే అక్కడ జబ్బు దిగిందన్నమాట, రంగు తర్వాత నెమ్మదిగా వస్తుంది. ఆ తెల్లదనం మీద స్టెరాయిడ్ రాస్తూ పోతే చర్మం పలుచబడటం తప్ప ఒరిగేదేమీ లేదు.

అదే మే నెలలో పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవడం కష్టమైంది. కుడిచేతి ఒక వేలు మొదలు నుంచి కొస దాకా వాచింది, మడమ నొప్పి. టీ గిన్నె పట్టుకోవడానికి ముప్పావు గంట ఆగాల్సి వచ్చేది. వయసు నొప్పులని తీసిపారేయకండి. సోరియాసిస్ ఉన్నవాళ్లలో పది మందిలో ఇద్దరు ముగ్గురికి కీళ్లు పట్టుకుంటాయి, గోళ్ల గుంటలు, తల మచ్చలు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. పొద్దుటి బిగుసు అరగంట దాటడం, వేలు మొత్తం వాయడం గుర్తులు. ఆలస్యమైతే కీలు అరిగి మళ్లీ మామూలు స్థితికి రాదు. కీళ్ల డాక్టరు చూసి లైటు ఆపించి మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు, అది చర్మానికీ కీళ్లకూ రెండింటికీ పనిచేస్తుంది.

మాత్రకు ముందు రక్తకణాలు, కాలేయం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, ఛాతీ ఎక్స్‌రే చేయించారు. బరువు, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చూశారు. ఈ జబ్బుతో అవి జతగా నడుస్తాయి. ఖర్చు నాలుగు వేల లోపే. గర్భం వచ్చే అవకాశం ఉందా అని సూటిగా అడిగారు. ఆ అవకాశం ఉంటే ఈ మందు వద్దు, బిడ్డకు హాని. మగవాళ్లూ పిల్లల కోసం చూస్తుంటే ముందే చెప్పాలి. కల్లు, మద్యం పూర్తిగా బంద్. పసరు మందులు కూడా బంద్, అందులో ఏముందో తెలియకుండా కాలేయం మీద రెండో బరువు పెట్టలేం.

అన్నిటికన్నా ముఖ్యమైనది: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ కాదు. పొరపాటున రోజూ మింగి నోరంతా పుండ్లు పడి, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి తెచ్చుకున్న సంఘటనలు ఎన్నో దేశాల్లో నమోదయ్యాయి. చీటీలో రోజు పేరు రాయించుకోండి. నాది శనివారం రాత్రి, మర్నాడు వికారం ఉన్నా సెలవు కదా అని. మాత్రలు 2.5, 5, 7.5, 10 మి.గ్రా. ఇట్లా రకరకాల బలాల్లో వస్తాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. షాపువాళ్లు ఒకటి లేదని ఇంకోటి ఇస్తే లెక్క తప్పుతుంది, డబ్బా మీద సంఖ్య చూడకుండా ఇంటికి తేవద్దు. మా ఇంట్లో ఆ డబ్బా అత్తమ్మ బీపీ మాత్రల దగ్గర ఉండదు, విడిగా బీరువాలో ఉంటుంది. 7.5తో మొదలుపెట్టి రెండు నెలల్లో 15కు పెంచారు. ఫోలిక్ ఆసిడ్ 5 మి.గ్రా. మాత్ర శనివారం తప్ప మిగతా రోజుల్లో, ఇది మా డాక్టరు పద్ధతి, కొందరు వారానికొకసారే రాస్తారు. ఇది వారంలో ఆరు రోజులు మింగేది కాబట్టి రెండింటినీ తారుమారు చేయకుండా డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. శనివారం మరిచిపోతే ఒకటి రెండు రోజుల్లో వేసుకోవచ్చు. ఆ తర్వాత గుర్తొస్తే వదిలేయాలి, వచ్చే వారం రెండింతలు మాత్రం వేసుకోకూడదు.

రక్త పరీక్షలు మొదట రెండు వారాలకు, తర్వాత నెలనెలా, ఇప్పుడు మూడు నెలలకు ఒకసారి. నేను శనివారం మాత్ర వేసుకుని సోమవారం పరీక్షకు పోతే కాలేయం విలువ ఎక్కువ వచ్చింది. మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజులు అట్లాగే చూపిస్తుందట. తర్వాతి మాత్రకు ముందు, అంటే గురువారమో శుక్రవారమో ఇమ్మన్నారు. ఆ వారమే మళ్లీ ఇస్తే మామూలుగా వచ్చింది. వాంతులు, విరేచనాలు, జ్వరం, ఎండదెబ్బ ఉంటే ఆ వారం మాత్ర ఆపి ఫోన్ చేయాలి, ఒంట్లో నీరు తగ్గితే మందు బయటికి పోక పేరుకుంటుంది. పొడి దగ్గు, ఆయాసం, నోట్లో పుండ్లు వస్తే అదే రోజు వెళ్లాలి. మూత్రంలో మంటకు, విరేచనాలకు షాపుల్లో ఇచ్చే కో-ట్రైమాక్సజోల్, అంటే సెప్ట్రాన్ లాంటివి, దీనితో కలిపి వేసుకోకూడదు. ఈ ఒక్క పేరూ చీటీ వెనుక రాసి పర్సులో పెట్టుకున్నాను, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపిస్తాను.

మొదటి ఐదారు వారాలు ఏమీ తేడా కనబడలేదు. వికారం మాత్రం కనబడింది. చాలామంది అక్కడే ఆపేస్తారు. బతుకమ్మ నాటికి పొద్దుటి బిగుసు పది నిమిషాలకు దిగింది, వేలి వాపు పోయింది, పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని ఆడాను. మాత్రల ఖర్చు నెలకు రెండు మూడు వందలు దాటదు, పరీక్షలే ఎక్కువ. ప్రైవేటు భారమైతే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది. మెథోట్రెక్సేట్ పడనివాళ్లకు అప్రెమిలాస్ట్ మాత్ర, ఆ తర్వాత సెకుకినుమాబ్ లాంటి సూదులు (ఊర్లలో ఇచ్చే స్టెరాయిడ్ సూది కాదు) ఉన్నాయి. ఈ సూదులకు ముందు టీబీ పరీక్ష తప్పనిసరి.

2025 నవంబరులో ఇది రాస్తున్నాను. మోచేతుల మీద అర వేలికొస మందు చాలు, శని ఆదివారాలు మాత్రమే. నడుము, వీపు నున్నగా ఉన్నాయి. గోళ్ల గుంటలు ఇంకా ఉన్నాయి. చేతి గోరు మొదలు నుంచి కొస దాకా కొత్తది పెరగడానికి ఆరు నెలలు, కాలి గోరుకు ఏడాది పైన పడుతుంది, కాబట్టి మందు పనిచేసిందో లేదో గోరు మొదట్లో చూడాలి గాని కొసన కాదన్నారు. నావి మొదట్లో నున్నగా వస్తున్నాయి. చలి ముదిరేలోపు, డిసెంబరు మొదటి వారంలో, మళ్లీ రక్త పరీక్ష ఉంది.